మా ఆడపడుచుకీ, వాళ్ల అత్తగారికీ

మొన్న మంగళవారంతో మా ఆయనకు స్టెమ్‌సెల్ (రక్తాన్ని పుట్టించే మూలకణాల) మార్పిడి జరిగి 100 రోజులు నిండాయి. ఈ గండం గడిచాకే అందరికీ చెబుదామని ఇన్నాళ్లూ ఆగాను.

ఆరేళ్ల కిందట సీఎంఎల్ అనే ఒక రకం రక్త క్యాన్సర్ అని తేలింది. రోజూ ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటూ పర్లాకిమిడిలో కొట్టు చూసుకునేవారు. బాగానే ఉంది కదా అని మధ్యలో కొన్ని నెలలు మాకు మేమే మాత్రలు మానేశాం. ఆ తప్పు మాదే. జ్వరం పట్టుకుంది, ఎడమ డొక్కలో స్ప్లీన్ (ప్లీహం) వాచింది. పరీక్ష చేస్తే రక్తంలో బ్లాస్ట్ కణాలు, అంటే ఎదగని పచ్చి కణాలు పెరిగిపోయాయి, జబ్బు ముదిరింది. ఈ జబ్బుతో ఉన్నవాళ్లు దయచేసి డాక్టర్ చెప్పనిదే ఒక్కరోజు కూడా మాత్ర మానకండి.

1986 నుంచే ఈ మార్పిడులు చేస్తున్న వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లాం. క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ ఉచితమని, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ అని బరంపురం స్టేషన్ కౌంటర్‌లో ఉద్యోగి చెప్పేదాకా మాకు తెలియదు. ఆయనకు నమస్కారం.

ముందు కీమో, వేరే మాత్ర ఇచ్చి జబ్బును అదుపులోకి తెచ్చారు. కణాలు ఇచ్చేవాళ్లవీ రోగివీ హెచ్‌ఎల్‌ఏ అనే కణాల గుర్తులు కలవాలి; తోబుట్టువుతో అవి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటేనట. ముగ్గురికి చూస్తే గుణుపురంలో ఉన్న మా చిన్న ఆడపడుచుది కలిసింది.

వెన్నులోంచి మూలుగు తోడేస్తారని, నడుం పడిపోతుందని ఆమెను ఎంతమంది భయపెట్టారో! వాళ్ల అత్తగారు మాత్రం "పిల్లాణ్ని నేను చూసుకుంటాను, నువ్వెళ్లి మీ అన్నయ్యను తెచ్చుకో" అని రైలెక్కించారు. తీరా చూస్తే వెన్నులో సూదే లేదు. కొన్ని రోజులు ఇంజెక్షన్లు, ఒళ్లునొప్పులు. తర్వాత రెండు చేతులకూ గొట్టాలు పెట్టి రక్తంలోంచి స్టెమ్‌సెల్స్‌ను వేరుచేసే మెషీన్ పక్కన పడుకోబెట్టారు. పెదాలు తిమ్మిరెక్కుతున్నాయంటే సిస్టర్ కాల్షియం ఇచ్చింది. చేతులు కదపకూడదని నేనే చెంచాతో నీళ్లు పట్టాను. నాలుగు గంటలసేపు ఆ కణాలు నిండే సంచీ వంకే చూస్తూ "వదినా, అన్నయ్యకి సరిపోతాయా?" అని అడుగుతూనే ఉంది.

ఆ కణాలను మా ఆయనకు రక్తం ఎక్కించినట్టే ఎక్కించారు. తర్వాత రెండు వారాలకు పైగా తెల్లకణాలు లేవు. నోరంతా పుళ్లు, గుక్కెడు నీళ్లు దిగేవి కావు. అప్పుడు ప్లేట్‌లెట్లు ఇచ్చిన బరంపురం కుర్రాళ్లను మర్చిపోలేను. వాళ్లలో ఒకడికి తెలుగు రాదు, "మావుసీ" (పిన్నీ) అంటూ నా చేతికి టీ గ్లాసు అందించి వెళ్లాడు. ఊళ్లో మా కొట్టు మూతపడకుండా చూసిన బజారు వాళ్లకు ఏమిచ్చినా తీరదు.

మందులు ఇంకా నడుస్తున్నాయి. బి పాజిటివ్‌గా ఉన్న ఆయన రక్తం చెల్లెలి ఓ పాజిటివ్‌లోకి మారుతోంది. ఊరికి వెళ్లొచ్చని డాక్టర్లు చెప్పగానే, ముందు గుణుపురం వెళ్లి ఆ పెద్దావిడ కాళ్లకు దండం పెట్టాకే ఇంటికి వస్తానంటున్నారు.