వాసా ఓడ, మా రేవు పంటు

సంపాదకుల వారికి,

కోనసీమలో వశిష్ఠ గోదావరి గట్టున ఉంటాను. బడిలో ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అందులో పదకొండేళ్లు రోజూ పంటు మీద, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ మీద, ఉద్యోగానికి వెళ్లాను. మొన్న వేసవిలో మా అబ్బాయి మా ఇద్దరినీ బాల్టిక్ సముద్రం మీద క్రూయిజ్‌కి పంపాడు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఒక పగలు దిగాం.

ఆ ఊరు 14 దీవుల మీద ఉంది. గట్టున నిలబడి చూస్తే నాకు మాత్రం అవి లంకలే. ఒక లంక నుంచి ఇంకో లంకకి బస్సు టిక్కెట్టుతోనే పడవ ఎక్కొచ్చు. పాత ఊరి సందులూ, రాజుగారి కోటా చూద్దామన్నారు మావారు. చూశాం, కాళ్లు పీకాయి. కాఫీ ధర చెబితే మీరు అచ్చుతప్పు అనుకుంటారు.

మధ్యాహ్నం నేనే పట్టుబట్టి వాసా మ్యూజియంకి లాక్కెళ్లాను. లోపలంతా మసక. కాసేపటికి ఎదురుగా ఓడ కనిపించింది. 69 మీటర్ల పొడవు, నల్లబడ్డ ఓక్ కొయ్య, వెనకవైపు మన రథాలకి చెక్కినట్టు సింహాలూ, వీరులూ. 1628 ఆగస్టు 10న మొదటిసారి కదిలిన యుద్ధనౌక అది. కిలోమీటరున్నర కూడా పోకుండానే గాలికి ఒరిగి, ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్లు చొరబడి, ఊరంతా చూస్తుండగా మునిగిపోయింది. 333 ఏళ్లు అడుగున ఉండి 1961లో పైకొచ్చింది. ఆ నీళ్లలో ఉప్పు తక్కువ, కొయ్యని తొలిచే పురుగు అక్కడ బతకదట. అదే మన ఉప్పుటేట్లో అయితే జల్లెడైపోయేది.

ఆ తరవాత గైడు అమ్మాయి చెప్పిన సంగతి విని అక్కణ్ణించి కదల్లేకపోయాను. ఓడ బయల్దేరక ముందే ముప్ఫైమందిని డెక్కు మీద ఈ పక్కనించి ఆ పక్కకి పరిగెత్తించి చూశారట. మూడోసారికే ఓడ పడిపోయేలా ఊగితే పై అధికారి ఇక చాలన్నాడు. పరీక్షనైతే ఆపారు, ఓడని ఆపలేదు. రాజుగారిది యుద్ధం తొందర. మునిగాక విచారణ జరిగింది. శిక్ష ఎవరికీ పడలేదు.

నాకు కచ్చులూరు గుర్తొచ్చింది. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడబోయిన వాళ్ల బోటు వరద గోదావరిలో మునిగితే, దాన్ని పైకి తీయడానికి అయిదు వారాలు పట్టింది.

మా క్రూయిజ్ ఓడ కదిలే ముందు ప్రతి ఒక్కరూ, ప్రమాదమొస్తే చేరాల్సిన చోటికి వెళ్లి హాజరు వేయించుకోవాలి. మావారు కునుకు తీస్తుంటే గది తలుపు కొట్టి మరీ లేపుకెళ్లారు.

మా రేవులో లైఫ్ జాకెట్లు లేవనను. ఉన్నాయి, నైలాన్ తాడుతో కట్టగట్టి పంటు మూలకి బిగించి. తిరిగొచ్చాక ఒకరోజు ఆ ముడి విప్పబోయాను. ఎండకి బిగిసి రాయైపోయింది. నా గోరు విరిగింది గానీ ముడి ఊడలేదు. ఆ రోజు పంటు మీద రెండు కార్లు, పద్నాలుగు మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల ఆటో ఒకటి, పిల్లలతో కలిపి 71 మంది. లెక్కల టీచర్ని, ఊరుకోలేను. “ఇంకో రెండు బళ్లు పడతాయి, లోపలికి జరగండి మాస్టారమ్మా” అన్నాడు పంటు నడిపే సరంగు. నేనూ జరిగాను. అవతలి ఒడ్డున పెళ్లి, ముహూర్తం దగ్గర పడింది.

రేవు చూసే అధికారులకి నా మనవి: పంటు పక్కన ఎర్రరంగుతో బరువు గీత గీయించండి, అది నీళ్లలో మునిగితే కదలనివ్వకండి. ఎంతమందిని ఎక్కించుకోవాలో రేవు బోర్డు మీద టిక్కెట్టు ధర పక్కనే రాయించండి. జాకెట్లు చేతికివ్వండి. ఇవన్నీ 2027 పుష్కరాల జనం దిగకముందే జరగాలి. తాడు కోయడానికి మాత్రం ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదంటే రేపు ఉదయం మొదటి పంటుకే కత్తి పట్టుకెళతాను.

ఇట్లు,
ఓ రిటైర్డ్ లెక్కల టీచరు,
కోనసీమ