వార్షిక నివేదిక: ఛాంపియన్‌షిప్ బొమ్మ సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన గోల్ఫ్ సంఘం చేసిన పనులు చాలానే ఉన్నా, కలిసిన ప్రతివారూ అడుగుతున్నది ఒక్కటే: "ఆ బొమ్మ ఎంతవరకు వచ్చింది?" అందుకని మిగతావి రెండు ముక్కల్లో ముగిస్తాను. జూనియర్ల శిక్షణ శిబిరం జరిగింది. బంకర్లలో ఇసుక మార్పించాం. లెక్కలు కోశాధికారి చదువుతారు.

ఇక బొమ్మ. మన ఛాంపియన్‌షిప్ గుర్తుగా ఆయిల్ పెయింటింగ్ వేయించాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. తీర్మానం ఐదు నిమిషాల్లో అయింది. ఏ ఘట్టం గీయాలన్నదే తెగలేదు. విజేత కప్పు ఎత్తుకుని ఉండాలని కమిటీలో ఎక్కువమంది పట్టుబట్టారు. "కప్పు ఎత్తినవాడు ఏ ఆటలోనైనా అలాగే ఉంటాడు కదండీ" అన్నారు చిత్రకారుడు.

ఆయన మాకు స్కాట్లండ్ చిత్రకారుడు చార్లెస్ లీస్ 1847లో వేసిన 'ది గోల్ఫర్స్' చూపించారు. 1841లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఇద్దరిద్దరు జట్లుగా ఆడిన పోటీ అది. చుట్టూ పెద్ద గుంపు, ఎవరి ముఖం వారిదే. ఫొటోగ్రఫీ కొత్తగా వచ్చిన రోజులవి. హిల్, ఆడమ్సన్ తీసిన ఫొటోల సాయం కూడా లీస్ తీసుకున్నాడు. చూపులన్నీ గుంత దగ్గరికి దొర్లుతున్న బంతి మీదే. అది పడుతుందో లేదో బొమ్మ చెప్పదు. అది చూశాక కప్పు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తొలి స్కెచ్ రాగానే ఇంకో పేచీ. గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, ఆటగాడు పట్ కొడుతుంటే (బంతిని మెల్లగా గుంతలోకి దొర్లిస్తుంటే) గుంతకు గుర్తుగా పెట్టే జెండా కర్ర గుంతలోనే ఉంది! బంతి కర్రకు తగిలితే పెనాల్టీ కాదా అని సీనియర్లు లేచారు. వారిలో నేనూ ఒకణ్ణి. 2019 జనవరి నుంచి ఆ పెనాల్టీ లేదని ఒక జూనియర్ గుర్తుచేస్తే కూర్చున్నాం. జెండా ఒకవైపు, చెట్ల కొమ్మలు మరోవైపు ఊగుతున్నాయన్న అభ్యంతరం మాత్రం నిలిచింది. గాలి ఎటో చూడకుండా మనవాళ్లు ఏదీ వదలరు. చిత్రకారుడు నవ్వుతూనే దిద్దారు.

బొమ్మ ఇప్పుడు హాల్లో ఉంది, కానీ వార్నిష్ కాలేదు. దీన్ని ఆలస్యం అనకండి. నూనె రంగు నీళ్ల రంగులా తడి ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పైకి ఆరినట్టున్నా, రంగు మందంగా ఉన్నచోట లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. వేలితో తాకి చూడకండి. ఇప్పటికే ఎవరో చూశారు. ఎండ నేరుగా పడని గోడకు మార్చాం. ప్రింట్లు వేసే హక్కు ఎవరిదో ముందే కాగితం మీద రాసుకున్నాం కాబట్టి, కాపీలు కావలసినవారు కార్యాలయంలో అడగాలి. ఫోన్‌తో తీసి టీషర్టుల మీద అచ్చు వేయించవద్దు.

మరొక్క విషయం. గుంపులో ఎడమ చివర టోపీ పెట్టుకుని నిలబడ్డది తానేనని ముగ్గురు సభ్యులు విడివిడిగా ఉత్తరాలు రాశారు. చిత్రకారుణ్ణి అడిగితే ఎవరి పేరూ చెప్పలేదు. ఆ మూడు ఉత్తరాలూ ఫైల్లో ఉన్నాయి.

— కార్యదర్శి