బీ ఫారం జనమే ఇచ్చే చోట

సంపాదకుడికి,

నవంబరు వస్తే చాలు, మీ పత్రికలో అమెరికా ఎన్నికలకు పేజీలకు పేజీలు కేటాయిస్తారు. దానికి ముందు, పార్టీల అభ్యర్థులను ఓటర్లే ఎంచుకునే ప్రైమరీల్లో ఎవరు ఓటేయొచ్చో మాత్రం రెండు ముక్కలైనా కనిపించవు. అది తెలియక బోల్తా పడ్డాను గనుక రాస్తున్నా.

సిటిజన్‌షిప్ వచ్చాక ఓటరు ఫారం నింపుతుంటే ఏ పార్టీ అని అడిగారు. మన దగ్గర ఓటర్ల జాబితాలో పార్టీ గడి పెడితే ఊరుకుంటామా? ఎందుకొచ్చిన తంటా అని 'ఏ పార్టీ లేదు' దగ్గర టిక్కు పెట్టా. 2025 మే 20న పిట్స్‌బర్గ్ మేయర్ ప్రైమరీకి వెళ్తే, బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ నా పేరు మీద వేలు ఆనించి, తల అడ్డంగా ఊపింది. మా పిట్స్‌బర్గ్ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ప్రైమరీలో ఒక పార్టీ అభ్యర్థులను ఎంచుకునేది ఆ పార్టీ కింద నమోదైనవాళ్లే. మిగతావాళ్లు రెఫరెండం ప్రశ్నలు, అంటే జనాన్ని నేరుగా అడిగే ప్రశ్నలుంటే వాటికి జవాబిచ్చి రావాలి.

నవంబరులో వేసుకోవచ్చుగా అంటారు. 1930ల తర్వాత ఈ నగరానికి రిపబ్లికన్ మేయరే లేరు. ఆ రోజు డెమొక్రాట్ల ప్రైమరీలో, పదవిలో ఉన్న ఎడ్ గేనీని కోరీ ఓకానర్ ఓడించారు. అసలు పోటీ అక్కడే తేలిపోయింది. మన లెక్కలో చెప్పాలంటే, ఇక్కడ బీ ఫారం ఇచ్చేది అధినేత కాదు, జనం. ఆ జనంలో నేను లేను.

ఇదీ రాష్ట్రానికో తీరు. టెక్సాస్‌లో నమోదప్పుడు పార్టీ అడగరు, ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే చెప్పొచ్చు. డాలస్ చుట్టాల మాట విని ఇక్కడ ధీమాగా ఉంటే నా గతే. మా దగ్గర పార్టీ మార్పు ప్రైమరీకి 15 రోజుల ముందే పూర్తవ్వాలి.

గ్రీన్‌కార్డు, హెచ్-1బీ పిల్లలకు ఇంకో మాట. డ్రైవింగ్ లైసెన్సుకు వెళ్తే ఓటరుగా నమోదవుతారా అని అడుగుతుంటారు. అలా అడగడం 1993 నాటి చట్టం వల్ల. అలవాటుగా 'యస్' అనకండి. సిటిజన్ కానివాళ్లు అధ్యక్ష, కాంగ్రెస్ ఎన్నికల్లో ఓటేస్తే నేరం, దేశం నుంచి పంపించేయొచ్చు కూడా.

ఇవన్నీ ఫిబ్రవరి, మార్చిలోనే వేస్తే మాలాంటి వాళ్లకు పనికొస్తాయి. నేనైతే ఆ రాత్రే ఆన్‌లైన్‌లో పార్టీ రాసేశా. మా ఆవిడ రెండో పార్టీ రాసింది. ఆ గొడవ వేరు.

- ఒక పాఠకుడు, పిట్స్‌బర్గ్