వార్షిక నివేదిక: కాలి బాటా, గాలి పాటా?

మన మద్రాసు తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. హాల్లో మైకు ఈ ఏడూ మొరాయించింది, కొత్తది కొనేదాకా నా గొంతే గతి.

ఇక పిల్లల సంగతి. మన సభ్యుల అబ్బాయి, పదహారేళ్లవాడు, జబ్బు చేసి పోయిన విషయం అందరికీ తెలుసు. గిటార్ పట్టుకుని హాలు మెట్ల మీద కూర్చుని సొంతంగా ట్యూన్లు కట్టేవాడు. పూర్తి పాటంటూ ఎక్కడా లేదు. స్నేహితుల ఫోన్లలో కూనిరాగాలు, ఓ నోటుబుక్కులో సాహిత్యం, అంతే. ఆ ముక్కలు పోగేసి పాడుకుంటామని వాడి స్నేహితులు శనివారం సాయంత్రాలు హాలు అడిగారు, ఇచ్చాం. పరీక్షల ముందు ఇదేంటని కొందరు తల్లిదండ్రులు నామీద విరుచుకుపడ్డారు. వాళ్లను తప్పుపట్టలేను.

నోటుబుక్కు తెరిస్తే అన్నీ తెలుగు పాటలే, కానీ తమిళ అక్షరాల్లో. మద్రాసులో మన పిల్లలకు మాట వచ్చు, రాత రాదు. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. ప, ఫ, బ, భలకూ అంతే. ఒక పల్లవి దగ్గర అందరూ ఆగిపోయారు. దాన్ని ‘కాలి బాట’ అనీ చదవొచ్చు, ‘గాలి పాట’ అనీ చదవొచ్చు. ఫోన్లో ఉన్నదేమో మాటల్లేని రాగం. రెండు శనివారాలు ఇదే వాదన. చివరికి వాళ్లమ్మగారిని అడిగారు. ఆవిడ ఆ పేజీని చాలాసేపు చూసి, ‘‘వాడు ఇది రాశాడనే నాకు తెలీదు’’ అన్నారు. అప్పట్నుంచీ పల్లవి మొదటిసారి ఒకలా, రెండోసారి ఇంకోలా పాడుతున్నారు.

పుష్య బహుళ పంచమి నాడు, త్యాగరాజ ఆరాధనలో, ఆయన అయిదు పంచరత్న కీర్తనలయ్యాక వీళ్లకు పది నిమిషాలిచ్చాం. ఆ అయిదింట్లో ఒకటి వరాళి రాగంలోది. ఆ రాగం ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకు చెడుతుందని ఓ నమ్మకం, విని పట్టుకోవాల్సిందే. ‘‘వీళ్లకు అన్నీ వరాళి పాటలే’’ అన్నారు మన సంగీతం టీచరుగారు.

యూట్యూబ్‌లో పెడతామన్నారు. రాసినవాళ్లు పోయాక 60 ఏళ్లదాకా హక్కులు వారసులవి కాబట్టి ముందు ఇంట్లోవాళ్లను అడగమన్నాను. వాళ్లింకా ఏమీ చెప్పలేదు, తొందరపెట్టొద్దు.

మాస్టారు దొరకలేదని ఆదివారం తెలుగు క్లాసు ఆపేశాం. అందులో నా బద్ధకమూ ఉంది. వచ్చే జూన్‌లో మళ్లీ మొదలుపెడుతున్నాం. మొదట పేరిచ్చింది ఈ బృందంలో డ్రమ్స్ వాయించే అమ్మాయే.

మీ ఇంట్లో పాత ఫోన్లేమైనా ఉంటే ఓసారి వెతకండి. ఆ పల్లవి వాడి గొంతులో, మాటలతో ఉంటే ఫోను పట్టుకుని శనివారం హాలుకు రండి.

– కార్యదర్శి