కైరో బజారు నుంచి

ఒసే,

నీ లిస్టు చేరింది. కుంకుమపువ్వు, పపైరస్ బొమ్మ, అత్తరు, "ఇంకా నీకు నచ్చింది ఏదైనా". ఆ చివరి మాటే నా కొంప ముంచేట్టుంది. కుంకుమపువ్వు మాత్రం తేవడం లేదు, ముందే చెబుతున్నా. ఎందుకో చదువు.

మా ఆయన పొద్దున్నే ఆఫీసు పనిమీద వెళ్ళిపోతే, నేను మెట్రో ఎక్కి అతబాలో దిగుతున్నాను. రైలు మధ్యలో ఆడవాళ్ళకి విడిగా పెట్టెలుంటాయి, ఏ భయమూ లేదు. అక్కణ్ణుంచి మూస్కీ వీధి పట్టుకుని నడిస్తే ఖాన్ ఎల్ ఖలీలీ అనే పాత బజారు వస్తుంది. టూరిస్టులు చాలామంది టాక్సీలో సరాసరి ఖాన్ దగ్గర దిగుతారు కానీ, అసలు కైరో జనం కొనుక్కునేది ఈ మూస్కీలోనే. దుప్పట్లు, పిల్లల గౌన్లు, ప్లాస్టిక్ బకెట్లు, పెళ్ళి సామాను. నెత్తిన బట్టల మూటతో ఒక కుర్రాడు అరుచుకుంటూ వస్తాడు, తప్పుకోకపోతే మూటతోపాటు మనమూ వెళ్ళిపోతాం. ధరలు అట్టముక్కల మీద రాసి ఉంటాయి, అరబ్బీ అంకెల్లో.

నువ్వెప్పుడైనా ఇటు వస్తే ముందు ఆ అంకెలు నేర్చుకో. ఓ పూట చాలు. మన సున్నాలా ఉండేది ఐదు, ఉత్త చుక్క పెడితే సున్నా. ఏడులా కనిపించేది ఆరు, ఇంగ్లీషు 'వి' లాంటిది ఏడు, దాన్ని తిరగేస్తే ఎనిమిది. రాత కుడి నుంచి ఎడమకైనా, సంఖ్యని మాత్రం మనలాగే రాస్తారు. వీటిని వాళ్ళు హిందీ అంకెలనే అంటారు, మన దగ్గర్నుంచి వెళ్ళినవే కదా! ఇవి వచ్చాక నాకు సగం టెన్షన్ తగ్గింది. అట్టముక్క మీద యాభై అని ఉంటే నాకు నూట యాభై చెప్పలేరు.

ఈజిప్టు పౌను మన రెండు రూపాయల లోపే. 2024 మార్చిలో దాని విలువ ఒక్కసారిగా పడిపోయింది, డాలరుకి 31 పౌన్లు ఉండేది 50 దాకా పోయింది. మనకి చవకే గానీ, అక్కడివాళ్ళకి అన్నీ మండిపోతున్నాయి. అందుకే మూస్కీలో పది పౌన్ల కోసం పీక్కోవడానికి మనసొప్పలేదు. ఖాన్‌లో మాత్రం బాగానే పీక్కున్నాననుకో.

ఆ ఖాన్ 1380ల్లో, మమ్లూకులు ఈజిప్టుని ఏలే రోజుల్లో, ఖలీలీ అనే వాళ్ళ అమీరు (సర్దారు) వర్తకుల కోసం కట్టించిన సత్రం. అంతకుముందు ఏలిన ఫాతిమిద్ ఖలీఫాల సమాధులుండే చోట కట్టాడట. ఇప్పుడు ఇత్తడి దీపాలు, రంగురంగుల గాజు లాంతర్లు, ప్లాస్టిక్ పిరమిడ్లు. నన్ను చూడగానే "ఇండియా! అమితాబ్ బచ్చన్!" అని నాలుగువైపుల నుంచీ కేకలు. ఒక పెద్దాయన దగ్గర చున్నీ బేరం చేశాను. ఆరొందలన్నాడు. రెండొందలన్నాను. గుండె మీద చెయ్యేసుకుని ఆకాశం వైపు చూశాడు, అంతలోనే పిల్లాణ్ణి పంపి పుదీనా టీ తెప్పించాడు. టీ తాగితే కొని తీరాలని ఏం లేదు, హాయిగా తాగు. తాగి లేచాను. వీధి మలుపు దాకా పోనిచ్చి అప్పుడు పిలిచాడు. రెండొందల యాభైకి తెగింది, ఇద్దరం సంతోషంగానే ఉన్నాం.

ఇక నీ కుంకుమపువ్వు. మసాలా కొట్లలో గోనెసంచుల్లో పోసి గుప్పెళ్ళతో తూచి ఇస్తున్నారు. అక్కడే అర్థమైపోవాలి. అది కుసుమపువ్వే! మన తెలంగాణ చేలల్లో ముళ్ళముళ్ళగా ఉండే కుసుమ మొక్క లేదూ, దాని పూరేకులు. రంగు దిగుతుంది, వాసన ఉండదు. దాని బదులు కర్కదే తెస్తున్నాను. ఎర్రగా ఎండిన డొప్పలు, నీళ్ళలో మరిగించి, పంచదార వేసి, చల్లార్చి తాగుతారు. ఎవరూ చెప్పకపోయినా పులుపు నాలిక్కి తగలగానే పట్టేశాను, అది గోంగూర మొక్కదే. మనం ఆకు పచ్చడి చేసుకుంటాం, వీళ్ళు కాయ చుట్టూ ఉండే ఎర్ర డొప్పల్ని తాగుతారు. అస్వాన్‌ది మేలురకం అంటారు. మీ అత్తగారికి చెప్పకుండా ఒక గ్లాసు ఇచ్చి చూడు, ఏమంటారో.

పపైరస్ కొన్నాను. వెలుతురుకి పట్టి చూస్తే నిలువు పట్టీలూ అడ్డం పట్టీలూ ఒకదాని మీద ఒకటి కనబడాలి, చుట్టినా విరగకూడదు. వీధిలో చేతికి కుక్కేవి అరటి నారతో చేసినవట. అత్తరు చేతికి రాయించుకుని ఒక గంట తిరిగి చూశాను, ఏదీ నిలవలేదు. వదిలెయ్.

నాకు పిచ్చెక్కించింది మాత్రం ఖయామియా, అంటే గుడ్డ మీద రంగుగుడ్డ ముక్కలు కుట్టి చేసే డిజైన్ పని. ఖాన్ నుంచి దక్షిణంగా బాబ్ జువైలా కోట గుమ్మం దాటితే పైకప్పు ఉన్న వీధి ఒకటుంది, 1650 నాటిది. ఒకప్పుడు మక్కా యాత్రికుల గుడారాలు కుట్టిన వీధి అది. కుట్టేది అంతా మగవాళ్ళే, మఠం వేసుకుని కూర్చుని. డిజైన్ కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, పైన పొడి రుద్దితే గీతలు మందపాటి కాన్వాసు మీదకి దిగుతాయి. మన మగ్గం వర్కు వాళ్ళు వేసినట్టే. రంగుగుడ్డ ముక్కని దాని మీద పెట్టి, అంచుని సూది మొనతోనే లోపలికి మడుస్తూ కుట్టేస్తాడాయన. తామర రేకు మొన దగ్గర గుడ్డని ఎలా తిప్పాడో ఎంత దగ్గరగా చూసినా అంతుపట్టలేదు. అచ్చు వేసిన నకిలీ గుడ్డలూ దొరుకుతాయి, తిరగేసి చూడు, చేత్తో కుట్టినదైతే వెనక కుట్లు కనబడతాయి.

గోడకి వేలాడదీసే పెద్దది బ్యాగులో పట్టదు, కుషన్ కవర్లే తెస్తాను. నీ సోఫాకి తామరపూలా, ముక్కోణాల డిజైనా? నీలమా, మెరూనా? శనివారం పొద్దున్నకల్లా చెప్పు. ఆదివారం అక్కడ చాలా కొట్లు మూసేస్తారట, సోమవారం మా ఫ్లైటు.

ఉంటానే,
నీ నేస్తం