ఫస్టియర్ సబ్మిషన్ లెక్కలో మన రాయికి చోటివ్వండి

తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,

హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ డ్రాయింగ్ సారు నమస్కారాలు.

దసరా సెలవులకు ఇంటికొచ్చిన నా పాత విద్యార్థిని షీట్ల కట్ట విప్పి చూపించింది. బీఎఫ్‌ఏ పెయింటింగ్ (చిత్రకళ డిగ్రీ), మొదటి సంవత్సరం. సీసాలు, బకెట్, మడతలు పడ్డ గుడ్డ, ఉంగరాల జుట్టు గ్రీకు ప్లాస్టర్ తల నాలుగు వైపుల నుంచి. షేడింగ్‌కు వంక పెట్టలేం. మర్నాడు పొద్దున్నే ఖిలా వరంగల్ తీసుకుపోయి కీర్తితోరణం ముందు కూర్చోబెట్టాను. పావుగంట పెన్సిల్ కదల్లేదు. "సారూ, లైట్ ఎటునుంచి అనుకోవాలె?" అన్నది. తరగతిలో బల్బు ఒక పక్క నుంచే వెలుగుతుంది. ఇక్కడ ఆమె కొలత తీసుకునేలోపే దూలం కింది నీడ జానెడు జరిగింది. మూడు షీట్లు చింపింది. నాలుగోదాంట్లో గీత వణికింది గానీ రాయి బరువు కాగితంలోకి దిగింది. తీరా కాలేజీలో ఆ షీటును మార్కుల కోసం ఇచ్చే సబ్మిషన్‌లో లెక్కేయలేదట. జాబితాలో లేదు మరి!

గ్రీకు తల మీద నాకేం కోపం లేదు, నేనూ దాన్ని గీసే నేర్చుకున్నా. కానీ 1213 నాటి రామప్ప గుడి మనకు బస్సు దూరంలో ఉంది. చూరు కింద ఒరిగి నిలబడ్డ మదనికల (నాట్యగత్తెల శిల్పాల) నల్లరాయి అద్దంలా మెరుస్తుంది. నునుపు మీద వెలుగు ఎక్కడ విరుగుతుందో, నడుము వంపులో బరువు ఏ కాలి మీద పడుతుందో తెలియాలంటే అంతకు మించిన మోడల్ ఏది? 2021లో యునెస్కో గుర్తింపు వస్తే పటాకులు కాల్చినం. ఫస్టియర్ పిల్లలను మాత్రం పిక్నిక్‌కు తీసుకుపోయి సెల్ఫీలు దిగి తీసుకొస్తున్నం.

చేర్యాల పటం బొమ్మల సంగతీ అంతే. ఖాదీ బట్టకు తెల్లసుద్ద, చింతగింజల అంబలి, తిరుమణి బంక కలిపి పూతల మీద పూతలు వేస్తారు. ఆ బట్టను వేలితో తట్టి చూడండి, ఆరిన డప్పులా పలుకుతుంది. దాని మీద నకాషీ కళాకారుడు, అంటే ఈ పటాలు గీసేవాడు, బ్రష్షుతో తిన్నగా గీత లాగుతాడు. చెరిపేందుకు రబ్బరు ఉండదు. రబ్బరు అరిగేదాకా గీసే మన పిల్లలు ఆ పక్కన ఒక వారం కూర్చుంటే చాలు.

అందుకని అడిగేది ఇదీ. ఫస్టియర్‌కు కొత్త షీట్లు కలపకండి, ఇప్పటికే కాగితాల ఖర్చుకు తల్లిదండ్రులు బెంబేలెత్తుతున్నారు. ఉన్న ఆబ్జెక్ట్ స్టడీలో (వస్తువును చూసి గీసే షీట్లలో) సగాన్ని కోటలో, వేయిస్తంభాల గుడిలో, రామప్పలో అక్కడే కూర్చుని గీసేలా మార్చండి. వాటికి మార్కులుండాలి, బస్సు ఛార్జీ కాలేజీ పెట్టుకోవాలి. నకాషీ చెప్పేవారికి డిగ్రీ లేదంటారేమో. 2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పద్ధతిలో, పదిహేనేళ్లు పనిలో ఆరితేరినవారికి డిగ్రీ తప్పనిసరి కాదు. దారి కాగితం మీద ఉంది, నడవాల్సింది మీరే.

ఆ నాలుగో షీటు నా దగ్గరే ఉంది. వరంగల్ వస్తే చూపిస్తాను. కోటకు పోదామంటే మాత్రం ఎనిమిదింటికల్లా రండి, ఆ తర్వాత నీడ ఆగదు.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ సారు, హనుమకొండ