చేతిపనుల తరగతులకు స్థిరమైన గది కోరుతూ సైనిక సంక్షేమ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారాలు.

సైనిక కుటుంబాలకు మట్టిపని, కుట్టుపని నేర్పుతున్న నేను, మా తరగతులకు ఒక స్థిరమైన గది కేటాయించవలసిందిగా కోరుతున్నాను. సమావేశం జరిగిన ప్రతిసారీ మేము గది ఖాళీ చేయవలసి వస్తోంది. మట్టిపాత్ర నీడలో, కదపకుండా, రోజుల తరబడి నెమ్మదిగా ఆరాలి. తడి మిగిలి ఉండగా బట్టీలో పెడితే లోపలి నీరు ఆవిరై పాత్ర పగిలిపోతుంది. దూరాన విధుల్లో ఉన్న తండ్రి కోసం ఒక పాప తన బొటనవేలి ముద్ర వేసి చేసిన కప్పుకు, మొన్న సామాను సర్దే హడావుడిలో పిడి ఊడిపోయింది. ఆ పాప ఏడవలేదు, పిడిని జేబులో వేసుకుని వెళ్లిపోయింది. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

1914-18 నాటి యుద్ధంలో గాయపడిన సైనికులకు ఆసుపత్రుల్లోనే బుట్టల అల్లిక, ఎంబ్రాయిడరీ నేర్పేవారు. కాబట్టి ఈ పనులను కేవలం కాలక్షేపంగా చూడవద్దని నా మనవి. బదిలీపై కొత్తగా వచ్చి, ఎవరితోనూ పరిచయం లేని మహిళ కూడా చేతిలో సూది ఉంటే పక్కనున్నవారిని దారం అడుగుతుంది, మాట అక్కడే మొదలవుతుంది.

తాళం వేసుకునే అలమర, గాలి వచ్చే కిటికీ, డ్యూటీ ముగించుకున్న జవాన్లు కూడా రాగలిగేలా వారానికి రెండు సాయంత్రాలు ఇప్పిస్తే చాలు.

భవదీయురాలు,
చేతిపనుల శిక్షకురాలు